ఉత్తరువు కాగితం, లక్కసీలు
(సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడులలో ధ్రువీకరణ చిక్కులు)

ఈ సంచికకు ఏదైనా సాహిత్య వ్యాసం ఇవ్వవలసిందిగా సంపాదకవర్గం వారు మమ్మల్ని కోరారు. తెలుగు బోధించేవారి నుండి ఎవరైనా ఆశించేది అదే. అయితే నిరుటి సంచిక తయారవుతున్న రోజులలో మన కంప్యూటరు గదిలో ఒక విద్యార్థి అడిగిన ప్రశ్నకు మేము జవాబు చెప్పలేకపోయాము. ఏడాది ఆలస్యంగానైనా ఆ జవాబును ఇక్కడ వ్రాయదలచుకున్నాము. సాహిత్యం వచ్చే సంచికకు ఉండనే ఉంటుంది.

మన సంచికకు రెండు ముఖపత్రాలు. ఒకవైపు నుండి తెరిస్తే తెలుగు, రెండవ వైపు నుండి తెరిస్తే ఉర్దూ. ఉర్దూ పుటలకు నస్తలీఖ్ లిపి కావాలి. అక్షరాలు ఒకే గీతపై నిలబడక, మెట్లు దిగినట్లు కుడి నుండి ఎడమకు వాలుతూ వచ్చే ఆ లిపికి తగిన ఖతి ప్రతి యంత్రంలోనూ ఉండదు. నోటో నస్తలీఖ్ ఉర్దూ అనే ఖతి ఉచితంగా లభిస్తుంది. తెలుగు వైపు పోతన, వేమన ఖతులు ఉన్నాయి. పుటలు కూర్చడానికి లిబ్రాఫీస్ ఉంది. ఇవన్నీ ఉబుంటు యంత్రాలలో ఎక్కించే పని మూడవ సంవత్సరం విద్యార్థి ఒకడు తన భుజాన వేసుకున్నాడు. గంట గడిచేసరికి తెరనిండా హెచ్చరికలు. వచ్చిన వస్తువు నమ్మదగినదని తేలలేదు కనుక ఎక్కించనని యంత్రం మొరాయించింది.

ఆ అబ్బాయి చురుకైనవాడు. ఎక్కడో వెతికి, ఈ తనిఖీని మొత్తానికే ఆపివేసే ఆజ్ఞ ఒకటి పట్టుకొచ్చి టైపు చేయబోయాడు. మేము చేయి అడ్డం పెట్టి "ఆగు" అన్నాము. అతడు ఆగి, ఎంతో మర్యాదగా "అలాగైతే ఏం చెయ్యమంటారు మాస్టారూ?" అని అడిగాడు. తనిఖీ ఆపడం తప్పని మాకు తెలుసు. దానికి బదులు ఏం చేయాలో మాత్రం తెలియదు. ఉర్దూ పుటలు నాలుగు రోజులు ఆగిపోయాయి.

ఇంతకూ ఆ తనిఖీ ఏమిటి? విద్యార్థులకు బాగా తెలిసిన ఉదాహరణ ఒకటి చెబుతాము. పరీక్ష నాటి ఉదయం ప్రశ్నపత్రాల కట్టలు పోలీసు ఠాణా నుండి కళాశాలకు వస్తాయి. ఠాణాలో కట్ట ఇచ్చేముందు వారు అడిగేది ఉత్తరువు కాగితం. మీరెవరు, ఈ కట్ట తీసుకునే అధికారం మీకు ఉందా అన్నది అక్కడి ప్రశ్న. కట్ట కళాశాలకు చేరిన తరువాత దానిని విప్పేముందు చీఫ్ సూపరింటెండెంటు గారు చూసేది సీలు. ఇది నిజంగా పంపవలసినవారే పంపినదా, దారిలో ఎవరైనా విప్పారా అన్నది ఇక్కడి ప్రశ్న. మొదటిది తీసుకునేవాని గురించి, రెండవది వస్తువు గురించి. ఉత్తరువు కాగితం సరిగా ఉన్నంత మాత్రాన సీలు సరిగా ఉన్నట్లు కాదు. సీలు చెక్కుచెదరకపోయినా తీసుకువచ్చినవానికి అధికారం ఉన్నట్లూ కాదు.

కంప్యూటరు సామాను తెచ్చుకోవడంలోనూ ఈ రెండు ప్రశ్నలే ఉన్నాయి. దురదృష్టవశాత్తు రెంటికీ ఇంగ్లీషులో ఇంచుమించు ఒకే మాట, అథెంటికేషన్, వాడుతున్నారు. చిక్కులలో సగం ఈ ఒక్క మాట వల్లనే పుడుతున్నాయని మా అభిప్రాయం. తెరపై ఆ మాట కనిపించగానే కొందరు పాస్‌వర్డు మార్చబోతారు, మరికొందరు సీలు తనిఖీని ఆపబోతారు. ఆగినది ఠాణా దగ్గరా, కట్ట విప్పే బల్ల దగ్గరా అని ముందుగా తేల్చుకుంటే పని చాలా వరకు అయినట్లే.

ముందు సీలు సంగతి చూద్దాం. ఏ ఫైలునైనా ఒక గణిత పద్ధతిలో పిండితే ఒక నిర్ణీతమైన పొడవుగల సంఖ్య వస్తుంది. దానిని హ్యాష్ అంటారు. ఇప్పుడు ఎక్కువగా వాడే షా-256 పద్ధతిలో అది 256 బిట్లు. కాగితం మీద వ్రాస్తే 64 అక్షరాలు. ఫైలులో ఒక్క కామా మారినా ఈ సంఖ్య గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. ఇక సంతకం. పంపేవారి వద్ద రెండు తాళపుచెవులు ఉంటాయి. రహస్యంగా దాచుకున్న దానితో సంతకం చేస్తారు. బహిరంగంగా అందరికీ ఇచ్చిన దానితో ఆ సంతకాన్ని ఎవరైనా సరిచూడవచ్చు. సరిచూడగలరే గాని దానితో మరొక సంతకం చేయలేరు. కళాశాల ముద్ర ఎలా ఉంటుందో చూసినవారందరికీ తెలుసు. ముద్రదిమ్మ మాత్రం ప్రిన్సిపాల్ గారి బీరువాలో ఉంటుంది.

డెబియన్, ఉబుంటు వంటి వ్యవస్థలలో ప్రతి ప్యాకేజీకీ విడివిడిగా సంతకం వెతకరు. భాండాగారం మొత్తానికి రిలీజ్ అనే ఒక పట్టిక ఉంటుంది, సంతకం దాని మీద ఉంటుంది. ప్యాకేజీల జాబితాల హ్యాష్‌లు ఆ పట్టికలో ఉంటాయి. ఒక్కొక్క ప్యాకేజీ పరిమాణం, హ్యాష్ ఆ జాబితాలో ఉంటాయి. ఇలా ఒక్క సంతకం నుండి వేలాది వస్తువుల వరకు గొలుసు సాగుతుంది. ఈ గొలుసు ఉన్నందువల్లనే అసలు భాండాగారం నుండి కాక, దాని నకలు పెట్టుకున్న ఏ విశ్వవిద్యాలయం నుండి తెచ్చుకున్నా భయం లేదు. మోసుకొచ్చే బండి ఎవరిదైతేనేమి, సీలు మనం చూసుకుంటున్నాము గదా.

సీలు చూడకపోతే ఏమవుతుందో 2016 ఫిబ్రవరి 20న లోకానికి తెలిసింది. లినక్స్ మింట్ అనే వ్యవస్థవారి వెబ్‌సైటులోకి దుండగులు చొరబడి, డౌన్‌లోడు లంకెను మార్చి, దొంగతలుపు అమర్చిన నకిలీ ప్రతి వైపు మళ్ళించారు. ఆనాడు అక్కడి నుండి దింపుకున్నవారు తాము సరైన చోటికే వెళ్ళామనుకున్నారు. నిజానికి వెళ్ళింది సరైన చోటికే. వచ్చిన వస్తువే వేరు. డౌన్‌లోడు పుట మీదనే హ్యాష్ కూడా అచ్చువేసి ఉంటుంది గదా అని ఎవరైనా అనవచ్చు. పుటను మార్చగలిగినవాడు దాని మీది సంఖ్యను మార్చలేడా? కనుక హ్యాష్ ఒక్కటే చాలదు. దాని మీద సంతకం ఉండాలి, ఆ సంతకాన్ని సరిచూసే బహిరంగ తాళపుచెవి మనకు వేరే దారిన చేరి ఉండాలి.

ఇప్పుడు మన గదిలో జరిగినదేమిటో చెప్పవచ్చు. ఆనాటి హెచ్చరికను మేము కాగితం మీద వ్రాసుకున్నాము. సంతకంతో రావలసిన ఫైలు సరైన రూపంలో లేదు, నోస్ప్లిట్ అని ఉంది. ఆ తరువాత కుండలీకరణాలలో ఒక చిన్న ప్రశ్న: ఈ నెట్‌వర్కు మిమ్మల్ని ధ్రువీకరణ అడుగుతున్నదా? ఆ చిన్న ప్రశ్నను ఎవరూ చదవలేదు. మేమూ చదవలేదు. జవాబంతా అక్కడే ఉంది.

మన కళాశాల ఇంటర్నెట్‌కు ఒక వాకిలి ఉంది. ఉదయం బ్రౌజరు తెరవగానే పేరు, పాస్‌వర్డు అడిగే పుట వస్తుంది. అవి ఇచ్చిన తరువాతనే బయటి ప్రపంచం. ఆ అబ్బాయి ఆ రోజు బ్రౌజరు తెరవకుండానే నేరుగా ఆజ్ఞలు టైపు చేశాడు. ఉబుంటు భాండాగారం నుండి రిలీజ్ పట్టిక కావాలని యంత్రం అడిగింది. వాకిలి మధ్యలో అడ్డుపడి, పట్టికకు బదులు తన పాస్‌వర్డు పుటను చేతిలో పెట్టింది. యంత్రం దానిని విప్పి చూస్తే సంతకమూ లేదు, పట్టికా లేదు. సీలు లేని కట్ట అని పక్కన పెట్టింది. చేయవలసిన పనే చేసింది. అనగా, సీలు దగ్గర తేలిన లోపానికి కారణం ఉత్తరువు కాగితంలో ఉంది. తనిఖీని ఆపివేసినా మాకు లిబ్రాఫీస్ వచ్చేది కాదు. వచ్చినది పాస్‌వర్డు పుట గదా! పైగా, నమ్మకంతో నిమిత్తం లేదని ఒకసారి భాండాగారాల జాబితాలో వ్రాస్తే, సంచిక అచ్చయి అందరూ మరిచిపోయిన తరువాత కూడా ఆ వ్రాత అక్కడే ఉంటుంది. తరువాత వచ్చే విద్యార్థులు తాళం లేని గదిలో కూర్చుంటారు, తాళం లేదని వారికి తెలియదు.

వాకిలి వల్ల వచ్చే ఈ చిక్కు విండోస్‌లో ఇంకొక వేషంలో వస్తుంది. వంద మెగాబైట్లు ఉండవలసిన ఇన్‌స్టాలరు క్షణంలో దిగిపోతుంది. నొక్కితే ఈ ఫైలు నడవదంటుంది. అప్పుడు ముందుగా దాని పరిమాణం చూడాలి. నాలుగైదు కిలోబైట్లే ఉంటే అది ఇన్‌స్టాలరు కాదు. నోట్‌ప్యాడులో తెరిస్తే, పేరు, పాస్‌వర్డు ఇవ్వండి అనే పుట అందులో కనిపిస్తుంది. ఇటువంటి వాకిళ్ళు తమ సంగతి యంత్రానికి అర్థమయ్యేలా చెప్పుకోవడానికి 511 అనే సంఖ్యను 2012లోనే నిర్ణయించారు. దానిని పాటించే వాకిలి మాకైతే ఇంతవరకు తారసపడలేదు.

సంఖ్యల ప్రస్తావన వచ్చింది కనుక వాటి గురించి కొంత చెప్పాలి. సర్వరు మనతో మాట్లాడేది మూడంకెల సంఖ్యలలో. 401 అంటే నీవెవరో చెప్పలేదు, లేదా చెప్పినది ఒప్పుకోలేదు అని. 403 అంటే నీకు అనుమతి లేదని. ఇక్కడ మళ్ళీ మళ్ళీ పాస్‌వర్డు టైపు చేయడం వృథా. 407 అంటే అడ్డుకున్నది అవతలి సర్వరు కాదు, మధ్యలో ఉన్న మన సొంత ప్రాక్సీ అని. 404 అంటే అడిగినది అక్కడ లేదని. కాని ఈ 404ను పూర్తిగా నమ్మరాదు. అధికారం లేనివారికి వస్తువు ఉన్నదన్న సంగతి కూడా తెలియనీయకూడదని కొన్ని సర్వర్లు లేదనే చెబుతాయి. గిట్‌హబ్‌లో ఇతరుల రహస్య భాండాగారం అడిగితే వచ్చేది 404. ఇంటాయన లోపల ఉండి లేరని చెప్పించడం మనకు తెలియనిదా? ఇక పాతబడిన ఉబుంటు విడుదలలకు 404 రావడం మాత్రం నిజమైన లేమి. గడువు తీరిన విడుదలలను వేరే పాత సామాను గదికి తరలిస్తారు. యంత్రంలోని చిరునామా పాతదే ఉంటుంది.

ప్రాక్సీ విషయంలో రెండు చిన్న మెలికలు ఉన్నాయి. పాస్‌వర్డులో ఎట్ గుర్తు ఉన్నదనుకోండి. ప్రాక్సీ చిరునామాలో పేరు, పాస్‌వర్డులను యంత్రం చిరునామా నుండి విడదీసేది కూడా ఆ గుర్తే. యంత్రం తికమకపడి పాస్‌వర్డు తోకను చిరునామా అనుకుంటుంది. ఆ గుర్తుకు బదులు శాతం గుర్తు, దాని వెంట 40 అని వ్రాయాలి. రెండవది, మామూలు వాడుకరిగా మనం చెప్పిన ప్రాక్సీ వివరాలు సుడో అని అధికారి హోదాలోకి మారినప్పుడు సాధారణంగా వెంట రావు. బ్రౌజరు చక్కగా నడుస్తూ ఇన్‌స్టాల్ మాత్రం నడవకపోతే ముందుగా అనుమానించవలసినది దీనినే. ఆప్ట్‌కు దాని సొంత అమరిక ఫైలులో ప్రాక్సీని విడిగా చెప్పాలి.

ఈ మధ్య పాస్‌వర్డు స్థానంలో టోకెన్ వస్తున్నది. ఈ మాట నౌపడ వారికి కొత్త కాదు. మన జంక్షను నుండి పర్లాకిమిడికి 1900లో వచ్చిన చిన్న రైలు మార్గం తరువాత గుణుపురం దాకా సాగింది, 2011 నాటికి బ్రాడ్‌గేజి అయింది. పూర్వం మన దేశంలో ఒంటి మార్గం మీద రైలు నడిపే పద్ధతి పెద్దలలో కొందరికి జ్ఞాపకం ఉండవచ్చు. నీల్ యంత్రం అని ఒకటి ఉండేది. రెండు స్టేషన్ల యంత్రాలకు తీగ కలిపి ఉండేది. రెంటిలో కలిపి ఒకసారికి ఒక్క ఇనుప గోళమే బయటికి వచ్చేది. ఆ గోళం చేతికి అందితేనే డ్రైవరు బండిని ముందుకు కదపాలి. దాని పేరే టోకెన్. డ్రైవరు ఎవరని కాదు, ఎంత అనుభవశాలి అని కాదు. ఈ రెండు స్టేషన్ల మధ్య, ఈ ఒక్క ప్రయాణానికి, అతని చేతిలో గోళం ఉన్నదా లేదా అన్నదే లెక్క. అవతలి స్టేషనులో దానిని అప్పగించగానే దాని పని తీరింది.

కంప్యూటరు టోకెన్ కూడా ఇంచుమించు ఇటువంటిదే. అది ఒక పనికి, ఒక భాండాగారానికి, ఒక గడువుకు పరిమితమైన అనుమతి. పాస్‌వర్డు పోతే ఇల్లంతా పోతుంది. టోకెన్ పోతే ఒక గది పోతుంది. గిట్‌హబ్ వారు 2021 ఆగస్టు 13 నుండి గిట్ పనులకు పాస్‌వర్డు తీసుకోవడం మానివేశారు. పాత పాఠ్యపుస్తకం పెట్టుకుని సాధన చేసే విద్యార్థి సరైన పాస్‌వర్డే టైపు చేసి, ధ్రువీకరణ విఫలమైందన్న సమాధానం చూసి తన జ్ఞాపకశక్తిని శంకించుకుంటాడు. పాస్‌వర్డు తప్పు కాదు, పద్ధతి మారింది. అలాగే ఉబుంటు 18.04కు సామాన్య మద్దతు 2023తో ముగిసింది. ఆ తరువాత వచ్చే భద్రతా సవరణలు కావాలంటే ఉబుంటు ప్రో ఖాతా తీసి టోకెన్ జతపరచాలి. జతపరచని యంత్రానికి ఆ భాండాగారం ఇచ్చే జవాబు 401.

కొన్ని సంస్థలు డౌన్‌లోడు లంకెలోనే టోకెన్‌ను పొదిగి ఇస్తాయి. చూడటానికి మామూలు చిరునామాలాగే ఉంటుంది గాని దానికి గంటో రెండు గంటలో ఆయుష్షు. మన వైపు కరెంటు సంగతి చెప్పనక్కరలేదు. సగం దిగిన ఫైలును మరునాడు అక్కడి నుండే కొనసాగించబోతే 403 వస్తుంది. ఖాతా రద్దయిందని కంగారుపడనవసరం లేదు. మళ్ళీ ఆ పుటకు వెళ్ళి కొత్త లంకె తీసుకుంటే చాలు.

మన నాలుగు రోజులలో ఒకటిన్నర రోజు ఈ విధంగా వాకిలి చిక్కుతో గడిచింది. చివరికి బ్రౌజరు తెరిచి పేరు, పాస్‌వర్డు ఇచ్చి మళ్ళీ ప్రయత్నిస్తే యంత్రాలన్నీ సుఖంగా పనిచేశాయి, కిటికీ పక్కన ఉన్న ఒక్కటి తప్ప. దాని హెచ్చరిక వేరు. రిలీజ్ పట్టిక ఇంకా అమలులోకి రాలేదు, మరి ఇన్ని రోజులు ఆగాలి అని రోజుల లెక్కతో సహా చెప్పింది. నిన్న సంతకం చేసిన పట్టిక ఇంకా అమలులోకి రాకపోవడమేమిటి? ఉర్దూ అధ్యాపకులు సాహెబు గారు వచ్చి తెర మూల చూసి నవ్వారు. అక్కడ ఏప్రిల్ నెల నడుస్తున్నది. ఆ యంత్రం దృష్టిలో ఇంకా వేసవి సెలవులే మొదలు కాలేదు.

ప్రతి కంప్యూటరు లోపల నాణెమంత బ్యాటరీ బిళ్ళ ఒకటి ఉంటుంది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది చచ్చిపోతే కాలం ఆగిపోతుంది. ఉబుంటులోనైతే చివరిసారి గుర్తుపెట్టుకున్న తేదీ నుండి మొదలుపెడుతుంది. విండోస్ యంత్రమైతే ఒక్కొక్కప్పుడు అది తయారైన సంవత్సరానికే వెళ్ళిపోతుంది. మామూలుగా ఇంటర్నెట్‌ను అడిగి గడియారం సరిచేసుకుంటుంది గాని, వాకిలి దాటనిదే ఆ అడగడమూ సాధ్యం కాదు. కొన్ని కళాశాలల నెట్‌వర్కులు వాకిలి దాటిన తరువాత కూడా ఆ దారి మూసి ఉంచుతాయి. సర్టిఫికెట్లకు ఆరంభ తేదీ, గడువు తేదీ ఉంటాయి. సంతకాలకూ తేదీ ఉంటుంది, కొన్నిటికి గడువు కూడా ఉంటుంది. గడియారం వెనుకబడితే ఇంకా అమలులోకి రాలేదంటుంది, ముందుకు పోతే గడువు తీరిందంటుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస వద్ద తీరం దాటిన తరువాత మన ప్రాంతంలో ఎన్నో ఊళ్ళు రోజుల తరబడి చీకటిలో ఉన్నాయి. అంత కాలం కరెంటు లేకుండా పడి ఉండి మళ్ళీ లేచిన ఏ యంత్రానికైనా ముందుగా చూడవలసినది తేదీ.

గడియారం సరిగానే ఉండి, నిజంగానే గడువు తీరే సందర్భాలూ ఉన్నాయి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఇచ్చే సర్టిఫికెట్లకు ఎంతోకాలం ఆధారంగా నిలిచిన ఒక మూల సర్టిఫికెట్టు 2021 సెప్టెంబరు 30తో ముగిసింది. కొత్త మూలాన్ని ఎరుగని పాత యంత్రాలు ఆ రోజు నుండి ఎన్నో మంచి చోట్లను కూడా నమ్మనన్నాయి. తాళపుచెవులకూ అంతే. భాండాగారం వారు కొత్త తాళపుచెవికి మారి, మన దగ్గర పాతదే ఉంటే, ఈ సంతకాన్ని సరిచూసే తాళపుచెవి నా వద్ద లేదు అని ఆప్ట్ చెబుతుంది. దీనికి మందు కొత్త బహిరంగ తాళపుచెవిని వారి సొంత చోటు నుండే తెచ్చుకొని, దాని వేలిముద్రను, అనగా 40 అక్షరాల పూర్తి సంఖ్యను, వారు ప్రకటించిన దానితో పోల్చడం. చివరి ఎనిమిది అక్షరాలు చూసి సరిపెట్టుకోరాదు. అంతవరకు కలిసే దొంగ తాళపుచెవిని తయారు చేయడం కష్టం కాదు. ఆ తాళపుచెవిని కూడా అన్నిటికీ ఒకే గుత్తిలో తగిలించకూడదు. ఏ భాండాగారానికి ఏ తాళపుచెవో జత చేసి వేరువేరు అరలలో పెట్టడం ఇప్పటి పద్ధతి. పాత పుస్తకాలలో కనిపించే ఆప్ట్-కీ అనే ఆజ్ఞ అన్నిటినీ ఒకే గుత్తిలో వేసేది; అందుకే దానికి స్వస్తి చెప్పారు. ఒక బొమ్మలాట ప్రోగ్రాము తాళపుచెవి యావత్ వ్యవస్థకూ సంతకం పెట్టగలగడం ఏమి న్యాయం?

విండోస్ వాడేవారికి ఒక మాట. ఇన్‌స్టాలరు మీద కుడి మీట నొక్కి ప్రాపర్టీస్ తెరిస్తే, సంతకం ఉన్న వాటికి డిజిటల్ సిగ్నేచర్స్ అనే చోట సంతకందారు పేరు కనిపిస్తుంది. పబ్లిషరు తెలియదు అని వస్తే అది వెంటనే దొంగ సరుకని కాదు. చిన్న సంస్థలు చాలా వరకు సంతకానికి డబ్బు పెట్టలేవు. అప్పుడు హ్యాష్ పోల్చాలి. సర్ట్‌యుటిల్ అనే ఆజ్ఞ విండోస్‌లోనే ఉంది. కాని మామూలుగా సంతకంతో వచ్చే పెద్ద పేరున్న ప్రోగ్రాము పబ్లిషరు తెలియదని వచ్చిందంటే, దానిని ఎవరైనా విప్పి మళ్ళీ కట్టారేమోనని అనుమానించాలి. డి.టి.పి. కేంద్రాలలో పెన్‌డ్రైవు మీద చేతులు మారే ఖతులు, పుటలు కూర్చే ప్రోగ్రాములు చాలా వరకు ఈ కోవలోనివే. వాటితో పాటు ఒక చిన్న కాగితం లాంటి ఫైలు ఉంటుంది: ముందు యాంటీవైరస్ ఆపండి అని. మేము కూడా ఎం.ఏ. చదివే రోజులలో దానిని తు.చ. తప్పక పాటించినవాళ్ళమే. సగం వ్రాసిన సెమినారు పత్రం దానితో పోయింది.

సీలు సరిగా ఉంటే లోపలి సరుకు మంచిదేనా? అలా అనుకోరాదని 2024 మార్చిలో తెలిసింది. ఎక్స్‌జెడ్ అనే చిన్న ఉపకరణాన్ని నిర్వహిస్తూ వచ్చినవారిలో ఒకరు, ఏళ్ళ తరబడి నమ్మకం సంపాదించి, 5.6.0, 5.6.1 విడుదలలలో దొంగతలుపు పెట్టారు. సంతకం అసలైనదే. యాండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన యంత్రంలోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతున్నదేమని ఆరా తీయబోయి దానిని బయటపెట్టారు. సీలు చెప్పేది కట్ట ఎవరు కట్టారన్నదే. ప్రశ్నపత్రం తయారు చేసినవారి మనసు సీలులో కనిపించదు. అయితే ఆ విడుదలలు ఎవరి చేతి మీదుగా వచ్చాయో తరువాత తేల్చగలిగారంటే అది సంతకం ఉండబట్టే.

ఆ అబ్బాయి ప్రశ్నకు ఇదీ మా జవాబు: ముందు హెచ్చరికను కుండలీకరణాలతో సహా చివరిదాకా చదువు. తేదీ చూడు. బ్రౌజరు తెరిచి వాకిలి దాటావో లేదో చూడు. వచ్చిన ఫైలు పరిమాణం చూడు. సంఖ్య 401, 403, 407లలో ఏదో చూడు. అప్పటికీ తేలకపోతే తాళపుచెవి. ఈ వరుసలో పోతే ఆనాటి నాలుగు రోజులు ఒక పూటలో తేలేవి. మన యంత్రాలలో మెనూలు తెలుగులోకి వచ్చాయి; హైదరాబాదులోని స్వేచ్ఛ వంటి సంస్థలు తెలుగు కోసం చేసిన కృషి తక్కువది కాదు. కాని అసలు అవసరమైనప్పుడు వచ్చిన ఆ హెచ్చరిక మాత్రం ఇంగ్లీషులో ఉంది, ఆ కంగారులో ఎవరూ దానిని పూర్తిగా చదవలేదు. ఇటువంటి వాక్యాలను తెలుగులోకి, ఉర్దూలోకి తెచ్చే పని మన విద్యార్థులు చేయదగినది. భాష వచ్చినవారికి అది పెద్ద పని కాదు.

కళాశాల కమిటీ వారికి రెండు మనవులు. కళాశాల డబ్బుతో కొన్న సాఫ్ట్‌వేర్ ఖాతాలు కొన్ని, ఇక్కడ పనిచేసి వెళ్ళిపోయినవారి సొంత ఈమెయిలు పేర్ల మీద ఉన్నాయి. వారి తప్పు ఏమీ లేదు. ఆనాడు అడిగేవారు లేక తమ పేరే వ్రాశారు. కాని నిర్ధారణ సంఖ్య ఎప్పుడు వచ్చినా వారి ఫోనుకు వెళుతున్నది. వాటిని కళాశాల పేర తెరిచిన ఒక చిరునామాకు మార్పించి, ఏ టోకెన్‌కు గడువు ఎప్పుడో వ్రాసిన ఒక రిజిస్టరు ఆఫీసులో ఉంచితే మేలు. టోకెన్‌లను, పాస్‌వర్డులను మాత్రం అందులో వ్రాయవద్దు, గడువులు చాలు.

రెండవది, కిటికీ పక్కన ఉన్న యంత్రానికి ఈ జూన్‌లో కూడా తేదీ చేతితోనే దిద్దవలసి వచ్చింది. దానికి కావలసిన బిళ్ళ పేరు సి.ఆర్. 2032, మూడు వోల్టులది. గడియారాల దుకాణంలోనూ దొరుకుతుంది. ఈసారి సామాను జాబితాలో దానిని కూడా చేర్చవలసిందిగా కోరుతున్నాము.